మడతలో మూడంగుళాలు

కొత్తపేట డాక్టరు నన్ను గోడకి ఆనించి
లేజరు చుక్కతో కొలిచాడు. నూట యాభై ఎనిమిది.
తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి మళ్లీ కొలిచాడు.
"కూర్చుంటే నువ్వు ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషివి.
లేస్తేనే చిక్కంతా."

ఆ సంగతి నాకు తెనాలిలోనే తెలిసింది.
సోఫాలో ఉన్నంతసేపూ సంబంధం కుదిరినట్టే ఉంది.
పిల్ల కాఫీ ఇచ్చి నవ్వింది కూడా.
వాళ్ల మేనమామే, మర్యాదగానే,
"ఒకసారి లేచి నిలబడు బాబూ" అన్నాడు.
లేచాను.
మళ్లీ కూర్చోమని ఎవరూ అనలా.

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు మిర్చి యార్డులో,
నా లెక్క తప్పనప్పుడల్లా.
ఆ పుట్టెడులోంచి తూమెడు కొలుచుకుని
మూడంగుళాలు ఇచ్చే షావుకారు లేడు గనక
డాక్టరు దగ్గరికొచ్చాను.

కాగితం మీద గీసి చూపించాడు:
తొడ ఎముక కోసి, లోపల కడ్డీ వేసి,
రోజుకో మిల్లీమీటరు జరుపుతారట.
జరిగిన ఖాళీని ఒళ్లే పూడ్చుకుంటుందట.
ఆ ఒక్క మాటకి నా ఒంటి మీద
నాకెన్నడూ లేని గౌరవం కలిగింది.
డెబ్బై అయిదు రోజులు సాగడం, ఆపైన కర్రలు,
మళ్లీ నడక నేర్చుకోడం, పద్నాలుగు లక్షలు.
నొప్పి గురించి అడిగితే కిటికీ వైపు చూశాడు.
"ఏడున్నర సెంటీమీటర్లు. అంతకు మించి ఆశపడితే
చేతులు పొట్టిగా కనిపిస్తాయి.
చేతులు పెంచమని ఎవరూ రారు గదా."

ఆ రాత్రి అద్దం ముందు
పాత చిట్టా పుస్తకాలు మూడు పేర్చి ఎక్కాను.
తల అద్దంలోంచి బయటికి పోయింది.
తల లేని మనిషి బాగానే ఉన్నాడు.
కానీ అది లెక్క కాదు,
పుస్తకాలెక్కితే మనిషంతా లేస్తాడు, కాళ్లు సాగవు.

అందుకని లాలాపేట పోయాను, మీరావలి కొట్టుకి.
ఆరో క్లాసు నిక్కరు నించీ నా కొలతలు
ఆయన పుస్తకంలో ఉన్నాయి. వేలితో తిప్పాడు:
ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై ఆరు,
ముప్పై ఆరు, ముప్పై ఆరు, ముప్పై ఆరు.
నడుము మాత్రం ఏటా ఒక మెట్టెక్కింది.
"పెరిగే పిల్లాడని మడతలో గుడ్డ వదిలేవాణ్ణి.
పాతికేళ్లొచ్చినా నా చెయ్యి అలవాటు మానలా."
అంటే ఇన్నేళ్లూ
నాకు రాని ఎత్తునంతా
చీలమండల దగ్గర మోసుకు తిరిగాను.

"ముప్పై తొమ్మిది పెట్టి కుట్టు మామూ."
కళ్లజోడు దించి చూశాడు. మెడలో టేపు తీశాడు.
కాళ్లు కొలవలా. భుజం నించి మణికట్టు దాకా కొలిచాడు,
రెండుసార్లు. ఏమీ అనలా.
తర్వాత మిషను మీద వంగి, గుడ్డతో చెప్తున్నట్టు:
"మడత విప్పితే పొడుగొస్తది, ఎందుకు రాదబ్బాయ్.
మడిచిన చోట గీత ఉంటది.
ఎన్ని ఇస్త్రీలు చేసినా పోదు.
అది నీ ఒక్కడికే కనపడితే ఇబ్బంది లేదు."

బ్యాంకు కాగితాలు సొరుగులో ఉన్నాయి.
రెండు సంతకాలు నావి పెట్టాను,
మూడోది హామీ ఉండేవాడిది, వాడింకా ఫోనెత్తలేదు.
డాక్టరు కార్తీకం వెళ్లాక రమ్మన్నాడు.

ఇవాళ కొత్త ప్యాంటుతో యార్డుకొచ్చాను.
మూడంగుళాలు లోపలికి మడిచి కుట్టాడు, చేతికుట్టు,
లాగితే ఊడొచ్చేంత వదులుగా.
అడుగేసినప్పుడల్లా చీలమండకి తగులుతోంది.
ఘాటుకి యార్డంతా తుమ్ముతోంది, ఆరడుగుల హమాలీలు కూడా.
బస్తా మీద కూర్చుని బరువులు రాస్తున్నాను.
ప్రత్తిపాడు రైతొకాయన నా ఎదట నిలబడి
"లే నాయనా, కాటా చూద్దువు" అంటున్నాడు.
దారం కొస వేలికి చుట్టుకుని
లేస్తున్నాను.